వంగి అందుకున్న ఒక్క కవరు

పొద్దున గొడవ ముల్లంగి ఊరగాయ దగ్గర మొదలైంది. సాధన ముగిసి, స్నానాలయి, పదకొండింటికి అందరూ మొదటి భోజనానికి కూర్చున్నప్పుడు ఆ సుమో మల్లశాల పెద్ద, అంటే హిసానో భర్త, పళ్ళెంలోంచి ఒక పసుపుపచ్చ ముక్కను పుల్లలతో పైకెత్తి కిటికీ వెలుగుకి అడ్డంగా పట్టి చూశాడు. "ఇది ముక్కా, తలుపు కదలకుండా కింద దోపే చెక్కా?" అన్నాడు. వండి వడ్డించే ఇసొనామి చేతిలోని గిన్నె దించకుండానే, "కిందటి వారం పల్చగా కోస్తే అవతల గోడ కనిపిస్తోందన్నారు గురువుగారూ," అన్నాడు. కుర్ర మల్లులు గిన్నెల్లోకి తలలు దించి నవ్వు ఆపుకున్నారు. "మాటకి మాట తయారు. మొండివాడు కోస్తే ముక్క కూడా మొండిగానే వస్తుంది. గురువు చెప్పింది బుర్రకెక్కితేగా!" వంటింటి గుమ్మంలో నిలబడ్డ హిసానోకి ఊరుకోబుద్ధి కాలేదు. "ఏమండీ, కడుపులోకి వెళ్ళాక దాని మందం ఎవరు కొలుస్తారు, తినండి," అంది. "నువ్వెప్పుడూ వాడి వైపే," అన్నాడు ఆయన, కోపం లేకుండా, ముక్కని కరకరా నములుతూ. ఇసొనామి నవ్వేసి, వంగని ఎడమకాలిని పక్కకి చాపి అర్ధచంద్రంలా తిప్పుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయాడు. అంతే గొడవ. ఆ గుమ్మంలో నిలబడ్డ మనిషి తప్ప అందరూ దాన్ని అప్పుడే మరిచిపోయారు.

ఇప్పుడు సాయంత్రం అయిదున్నర. ఆస్పత్రి మూడో అంతస్తులో, స్కాను గది ఎదుట ఆకుపచ్చ బెంచీ మీద ఆమె కూర్చుని ఉంది. కోటు కింద ఏప్రన్ విప్పడం మరిచిపోయానని ఇక్కడికొచ్చి కూర్చున్నాకే తెలిసింది. ఒళ్ళో చేతులు పెట్టుకుంటే ఉల్లికాడల వాసన. నువ్వెప్పుడూ వాడి వైపే. నిజంగా వాడి వైపు ఉండుంటే ఎంత బాగుండేది. ఒక్క మాట చెబితే సరిపోయే చోట ముల్లంగి మందం గురించి మాట్లాడడం, అదీ నాలుగేళ్ళుగా తను ఇసొనామి వైపు ఉన్న తీరు. చలికాలంలో అతని మోకాలికి వేడి కాపడం సంచీ ఇవ్వడం, వంటింట్లో ఎత్తు పీట వేయించడం, పండక్కి మిగతావాళ్ళకంటే మంచి చొక్కా గుడ్డ కొనడం. ఆయన "మొండివాడు" అన్నప్పుడల్లా మాట మార్చడం. మాట మార్చడంలో ఆమెకి మంచి చాకచక్యం ఉంది. కాలేజీలో చదువుకునేటప్పుడు పాఠం చదవని రోజు కూడా అధ్యాపకుడికి అనుమానం రాకుండా జవాబు చెప్పగలిగేది. ఎదుటి గోడ మీద ఎముకల బొమ్మ ఒకటి వేలాడుతోంది, తొడ ఎముక, కాలి ఎముక, రెంటి నడుమ బాదంగింజంత మోకాటి చిప్ప. ఇంత చిన్నదా. నూట అరవై కిలోల మనిషిని దీని మీద నిలబెడతామా మనం.

మినెయుకి లోపల ఉన్నాడు. పక్కనే కాళ్ళ దగ్గర అతని గడ్డి చెప్పులు, ఒకదాని మీద ఒకటి, పడవల్లా. ఇరవై రెండేళ్ళవాడు, మల్లశాలలో చేరి మూడేళ్ళు, ఈ పదిహేను రోజుల టోర్నమెంటులో ఎనిమిది గెలుపులు వచ్చేశాయి, స్థానానికి ఢోకా లేదు. ఇవాళ పద్నాలుగో రోజు. నాలుగున్నరకి టీవీలో అతని కుస్తీ వచ్చినప్పుడు హిసానో వంటింట్లో తామర దుంపల తొక్కు తీస్తోంది. ఎదుటివాణ్ణి బరి అంచు దాటించే ఊపులో ఇద్దరూ కలిసి రెండడుగుల మట్టి దిమ్మ మీంచి కింది వరస దిండ్ల మీదకి జారారు. లేచేటప్పుడు కుడికాలు నేల మీద పెట్టిన తీరు చూడగానే ఆమె చేతిలో కత్తి ఆగిపోయింది. గెలుపు మినెయుకిదే. మెట్టెక్కి మళ్ళీ బరిలోకి వచ్చాడు. తీర్పరి విసనకర్ర మీద బహుమతి డబ్బున్న మూడు తెల్ల కవర్లు పెట్టి చాపాడు. "వంగకు. వంగకురా, నిలబడే తీసుకో," అని ఆమె టీవీతో అంది, పైకే అంది. అతను వంగాడు. మునివేళ్ళ మీద గొంతుక్కూర్చుని, ఆనవాయితీగా చేత్తో గాలిని ఎడమకీ కుడికీ నడిమికీ మూడుసార్లు కోసి, కవర్లు అందుకున్నాడు. పెదవి కొరుక్కోవడం కెమెరాకి కనపడలేదేమో గాని ఆమెకి కనపడింది. వెనక్కి తిరిగితే పొయ్యి దగ్గర ఇసొనామి. అతనూ చూస్తున్నాడు, టీవీని కాదు, ఆమెని. తర్వాత గ్యాసు తగ్గించి, "టాక్సీకి చెబుతాను అమ్మగారూ," అన్నాడు.

అంతకుమించి ఏమీ అనలేదు. ఏదైనా అనుంటే బాగుండేదేమో. నాలుగేళ్ళలో ఒక్కసారైనా గిన్నె గట్టిగా పెట్టుంటే, తలుపు విసురుగా వేసుంటే. నాలుగేళ్ళ కిందటి ఆ రోజు సెప్టెంబరు, టోర్నమెంటు ఆఖరి రోజు, పొద్దున వర్షం కురిసి వెలిసింది. అప్పుడు ఇసొనామికి ఇరవై ఏడు. పేపర్లో ఫొటోలు వచ్చేవి. ముందు రోజు సాయంత్రం మోకాలు బెణికి పొంగింది. ఆయన దాన్ని నొక్కి చూసి, "తెల్లారేసరికి తగ్గకపోతే మానేద్దాం, అమ్మగారికి చెప్పు," అని, తెల్లవారగానే సుమో సంఘం పని మీద వెళ్ళిపోయాడు. తగ్గలేదు. తనే చూసింది, మెట్ల మీంచి ఒక్కో మెట్టూ వెనక్కి తిరిగి దిగుతున్నాడు. చెబుదామని వచ్చాడు. ఆ ముఖం ఆమెకి ఇప్పటికీ తెలుసు: నుదుటి మీద చెమట, కొంచెం సిగ్గు, మానేయమంటే బాగుండునన్న ఆశ. అవును, ఆశే. దాన్ని మొండితనమని ఎవరనగలరు, ఎదురుగా నిలబడి చూసినవాళ్ళు.

ఆమె "బరి ఎక్కు" అనలేదు. ఆ సంగతి తనకి తను చాలాసార్లు చెప్పుకుంది, గిన్నెలు కడుగుతూ, రైల్లో నిలబడి, స్నానాల తొట్టిలో మెడదాకా మునిగి. ఎక్కమని నేను అనలేదు. "మీ అమ్మ రాత్రే పడవ దిగి రైలెక్కిందట," అని మాత్రం అంది.

అంతే కదా అన్నది. ఉత్తర దీవి చివర, సముద్రపు నాచు ఆరబెట్టుకుని బతికే ఊరు వాళ్ళది. ఆ ఊరి నాచు వ్యాపారుల సంఘం ఆ టోర్నమెంటులో అతని కుస్తీలకి బహుమతి డబ్బు కట్టి, తమ పేరున ఒక పతాకం పెట్టింది. అతనికి అదే మొదటి పతాకం. ఆ మాటకొస్తే మల్లశాలకే మొదటిది. నీలం గుడ్డ మీద తెల్ల అల, కింద నాచు ఆకు, అంచున బంగారు కుచ్చులు, ఆ కుచ్చులు కుట్టింది తల్లి తోమె. ఎన్నిసార్లు ఫోన్ చేసిందో ఆవిడ. "పెద్ద పెద్ద కంపెనీల గుడ్డల వెనకాల మాదీ తిరుగుతుందా అమ్మా? నిజంగా తిరుగుతుందా?" "తిరుగుతుందండీ, కుస్తీకి ముందు బరి చుట్టూ పట్టుకుని తిప్పుతారు, సంఘం పేరు మైకులో చదువుతారు." "మరి వాడికి ఒంట్లో బాగోలేక ఎక్కలేదనుకో?" "అప్పుడు ఎదుటివాడు గెలిచినట్టే రాస్తారు. కుస్తీ లేకపోతే పతాకం ఉండదు, కవరూ ఉండదు." అవతల కాసేపు సముద్రం హోరు. "అయ్యో, మడిచింది మడిచినట్టే తెచ్చుకోవాలన్నమాట," అని నవ్వింది ఆవిడ. ఆ నవ్వు కోసమేనా? ఇన్నాళ్ళూ ఆ నవ్వు కోసమే అనుకుంది హిసానో. ఒక తల్లి ముచ్చట తీరాలని, డెబ్భై ఏళ్ళ మనిషి అంత దూరం వచ్చి మడిచిన గుడ్డ చంకన పెట్టుకుని వెళ్ళిపోకూడదని. అలా అనుకుంటే కొంత ఊరట. ఊరటగా ఉన్నది నిజం కావాలని ఏముంది.

నర్సు ఒకామె చక్రాల కుర్చీ తోసుకుంటూ వెళ్ళింది. పక్క బెంచీ మీద ముసలాయన నారింజ ఒలిచి, తొనల మీది పీచు ఒక్కొక్కటే తీసి రుమాల్లో పెడుతున్నాడు, తినడం లేదు, ఎవరికోసమో. ఆ రోజు తన పక్కన మరో ముగ్గురు కూర్చుని ఉన్నారు, వేరే మల్లశాలల అమ్మగార్లు. తనే పిలిచింది. పెద్ద పెద్ద మల్లశాలలు వాళ్ళవి, వాళ్ళ మల్లుల కుస్తీలకి పతాకాలు ఇరవై, ముప్ఫై తిరుగుతాయి, బరి చుట్టూ వరస పూర్తయ్యేలోపు మొదటివాడు రెండోసారి వచ్చేస్తాడు. ఏళ్ళ తరబడి వాళ్ళ పక్కన కూర్చుని చప్పట్లు కొట్టింది. ఈసారి మాదీ ఒకటుంది, చూద్దురు గాని రండి అంది. కొత్త కిమోనో, బూడిద రంగు మీద గడ్డి పరకలు, వేసుకుంది. ఆ పొద్దున మెట్ల కింద ఇసొనామి నిలబడ్డప్పుడు ఆ కిమోనో ఇస్త్రీ చేసి గోడకి తగిలించి ఉంది, ఇద్దరి మధ్యా. అదీ అసలు సంగతి. తోమె గురించి ఆలోచించాను అని ఎవరితోనైనా చెప్పుకోవచ్చు. కిమోనో గురించి ఎవరితో చెప్పుకుంటుంది.

"మీ అమ్మ రాత్రే పడవ దిగి రైలెక్కిందట." ఇసొనామి ఆమె ముఖంలోకి చూశాడు. ఎంతసేపు? ఒక గుక్క నీళ్ళు తాగేంత సేపు. "అయితే ఎక్కుతాను అమ్మగారూ," అన్నాడు. తర్వాత ఆయన సంఘం ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. "ఎలా ఉన్నాడు?" "ఎక్కుతానంటున్నాడు," అంది ఆమె. అక్షరం తప్పు లేదు. అతను ఆ మాటే అన్నాడు. "తగ్గిందా?" అని ఆయన అడిగుంటే ఏం చెప్పేదో తెలియదు. ఆయన అడగలేదు. "మొండి వెధవ. మానేయమన్నానుగా. నేను చెబితే వింటేనా!" అని పెట్టేశాడు. పేరు అప్పుడే పడింది. ఆ ఫోన్ తీగకి ఈ చివర నిలబడి ఆ పేరు పడడం విన్నది తనొక్కతే. ఇప్పుడే చెబుదాంలే, సాయంత్రం చెబుదాంలే, టోర్నమెంటు అయ్యాక చెబుదాంలే.

నీలం గుడ్డ తిరిగింది. పైన చౌక కుర్చీల్లో నాచు ఊరివాళ్ళు పదిమంది నిలబడి అరిచారు. తోమె మాత్రం నిలబడలేకపోయింది, ముఖానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని వేళ్ళ సందుల్లోంచి చూసింది. కుస్తీ ఆరు సెకన్లు. ఇసొనామి గెలిచాడు, అది కూడా శుభ్రంగా, ముందుకు నెట్టి. మోకాలు నిలబడింది, ఈ మాట డాక్టరు తర్వాత స్పష్టంగా చెప్పాడు, కుస్తీకి నిలబడిందమ్మా అని. తీర్పరి కవరు చాపాడు, ఒకే ఒక్క కవరు. కాలు బాగోలేనివాడు నిలబడి తీసుకున్నా ఎవరూ తప్పు పట్టరు, తీర్పరే కళ్ళతో సైగ చేస్తాడు, ఆ రోజూ చేశాడట. ఇసొనామి పైకి చూశాడు, చౌక కుర్చీల వైపు. తర్వాత పద్ధతి ప్రకారం పూర్తిగా వంగాడు. కుచ్చులు కుట్టిన మనిషి చూస్తోంది కదా. గొంతుక్కూర్చుని, ఎడమ, కుడి, ఆ మూడోది, నడిమి వేటు, గాలిలో సగంలోనే ఆగింది. చప్పుడు తను కూర్చున్న చోటికి వినపడి ఉండదు, అంత మంది జనంలో. అయినా వినపడిందనే ఆమెకి గుర్తు. పక్కనున్న అమ్మగారు "అరెరే, ఏమైంది మీవాడికి?" అంటూ ఆమె చెయ్యి పట్టుకుంది. గడ్డి పరకల కిమోనో చెయ్యి. చేతిలో కవరు వదలకుండానే అతన్ని మోసుకెళ్ళారు. మూడు ఆపరేషన్లు. జీతం ఉన్న వరసలోంచి జీతం లేని వరసలోకి, అక్కణ్ణుంచి ఇంకా కిందికి. ఇప్పుడు పేరుకి మల్లుడు, పనికి వంటవాడు. వంట బాగా చేస్తాడు. అది కూడా ఆమెకి గుచ్చుకుంటుంది, అంత బాగా చేయడం.

ఆ కవరు తోమె ఇంట్లో దేవుడి అరలో ఉంది, అంటించినది అంటించినట్టే. ప్రతి డిసెంబరులోనూ ఒక పెట్టె నాచు వస్తుంది మల్లశాలకి. లోపల పెన్సిలు రాతతో చిన్న కాగితం: 'ఆ రోజు మా గుడ్డ తిరగడం చూపించారు, మీ రుణం తీరదు.' కిందటి నెల వచ్చిన పెట్టె ఇంకా సగం ఉంది. రోజూ పొద్దున ఆ నాచు వేసి కాచిన నీళ్ళతోనే చారు. ఆయన తాగి, బాగుంది అంటాడు. ఇసొనామి వడ్డిస్తాడు. ఆమె ఆ కాగితాలు పారేయలేదు, దాచనూ లేదు. సొరుగులో బిల్లుల మధ్య ఉంటాయి, వెతికితే దొరికేట్టు, వెతక్కపోతే దొరకనట్టు.

ఫోన్ మోగింది. ఆయన. స్టేడియం గోల వెనక నుంచి, "ఎలా ఉన్నాడు?" అన్నాడు. అదే మాట, అదే గొంతు. హిసానో బెంచీ మీంచి లేచి నిలబడింది, ఎందుకు లేచిందో తెలియదు. "స్కాను తీస్తున్నారు. ఇంటికొచ్చాక చెబుతాను." "రేపటి జోడీలు వేశారు. ఒజెకితో పడింది వీడికి, అంత పెద్ద హోదా మల్లుడితో. పతాకాలు పద్దెనిమిదట! వాళ్ళ ఊరి బేరీపళ్ళ రైతులు కూడా ఒకటి కట్టారు, బస్సులో బయల్దేరుతున్నారట. వాడికి చెప్పు, పొంగిపోతాడు." చెప్పు అన్నాడు. ఆయనకేం తెలుసు, ఆ ఇంట్లో చెప్పడం అనే పని ఎవరి చేతుల్లో ఎలా నడుస్తుందో. "సరే," అంది.

చెప్పాల్సిన అవసరం లేకపోయింది. స్కాను గది తలుపు తెరుచుకుని, చక్రాల కుర్చీలో పట్టీ పట్టకుండా మినెయుకి వచ్చాడు, చేతిలో ఫోను, మొహం వెలిగిపోతోంది. "చూశారా అమ్మగారూ! ఒజెకి! పద్దెనిమిది! మా ఊరి పతాకం మీద బేరీపండుకి కళ్ళూ ముక్కూ గీశారట, మా చిన్నాన్న గీశాడట, ఆయనకి కుక్క బొమ్మ గీయడం కూడా రాదు!" వెనకాలే డాక్టరు. మోకాలి లోపలి పక్క లిగమెంటు సగం తెగింది, ఆరు వారాలు కదలకూడదు, ఇప్పుడు ఆగితే ఆపరేషన్ కూడా అక్కర్లేదు, ఇలాగే ఎక్కితే మాత్రం తర్వాత సంగతి నేను చెప్పలేను. సర్టిఫికెట్టు రాసి ఇచ్చాడు. ఇస్తూ మినెయుకిని కాదు, ఆమెనే చూశాడు, ఇంట్లో పెద్దవాళ్ళని చూసినట్టు. నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో కాక ఏప్రన్ జేబులో పెట్టుకుంది, చెయ్యి అటే వెళ్ళింది.

టాక్సీలో అతనికి ముందు సీటు, వెనక సీట్లో ఆమె. నది మీద వంతెన దాటేటప్పుడు నీళ్ళలో దీపాలు పొడుగ్గా సాగి వణుకుతున్నాయి. మినెయుకి మెడ తిప్పకుండా, అద్దంలోంచి ఆమెని చూస్తూ అన్నాడు: "అమ్మగారూ, గురువుగారికి ఆరు వారాలని చెప్పకండి. ఎక్కుతానంటున్నాడని చెప్పండి చాలు. పట్టీ గట్టిగా కట్టుకుంటే ఆరు సెకన్ల పని." ఎక్కుతానంటున్నాడని చెప్పండి చాలు. ఈ వాక్యం ఎవరు నేర్పారు వీడికి? "కాలు పోతే?" అంది. "ఇసొనామి అన్న ఎక్కలేదా? గురువుగారు వద్దన్నా వినకుండా ఎక్కి, గెలిచి, వంగి మరీ తీసుకున్నాడు. కొత్తవాళ్ళు చేరగానే మాకు చెప్పే మొదటి కథ అదేనండీ. అన్న చెప్పడు, అడిగితే నవ్వుతాడు, మిగతావాళ్ళే చెబుతారు. గురువుగారు తిడతారు గాని లోపల ఆయనకీ గొప్పే."

కథ అయిందన్నమాట. ఆమె చెప్పని మాట ఖాళీగా ఏం పడి ఉండలేదు. ఆ చోట ఇంకొకటి మొలిచింది, కుర్రాళ్ళు నోటికి నేర్చుకునేలా ఎదిగింది. తను చేసిన తప్పు ఆ రోజుతో, ఆ మోకాలితో అయిపోయిందనుకుంది. మిగిలింది తన బాధే, దాన్ని మోయడం తన పనే అనుకుంది. కొంచెం గర్వంగా కూడా అనుకుందేమో, ఎవరికీ చెప్పకుండా మోస్తున్నానని. కాని మోస్తున్నది తను కాదు. ఆ వంటింట్లో ఒకడు మోస్తున్నాడు, ఇప్పుడు ఈ సీట్లో ఇంకొకడు ఎత్తుకోబోతున్నాడు. ఇదీ నాది కాదు అనుకుందామా, సర్టిఫికెట్టు ఇచ్చేసి, డాక్టరు ఇలా అన్నాడండీ, మీ ఇష్టం అని వంటింట్లోకి వెళ్ళిపోదామా? వెళ్ళిపోవచ్చు. మినెయుకి బతిమాలతాడు, ఇసొనామి అన్న పేరెత్తుతాడు, ఆయన కాసేపు తిడతాడు, పద్దెనిమిది పతాకాలు, బస్సు నిండా జనం, చివరికి సరే, ఎక్కి ఏడు అంటాడు. ఆ కథ అక్కడున్నంత సేపూ ఆ సర్టిఫికెట్టుకి బలం లేదు. "నువ్వు అనుకున్నట్టు కాదు అది," అంది టాక్సీలో, చాలా నెమ్మదిగా. డ్రైవరు రేడియో పెట్టాడు. "ఏంటండీ?" అన్నాడు మినెయుకి. "ఏం లేదు. కాలు చాపుకో," అంది. మళ్ళీ మాట మార్చింది. తన గొంతు తనకే వినపడి వెగటేసింది.

ఎనిమిదింటికి అందరూ కూర్చున్నారు. గది నడుమ పొయ్యి మీద పెద్ద కుండ ఉడుకుతోంది, చేపా క్యాబేజీ టోఫూ ఆవిర్లు. ఆయన తన చోట, పక్కన ఆఫీసు గదిలోంచి తెచ్చిన కుర్చీలో మినెయుకి, పట్టీ కట్టిన కాలు ఇంకో పీట మీద. మామూలుగా ఆమె ఈ భోజనంలో కూర్చోదు. అందరిదీ అయ్యాక వంటింట్లో తింటుంది.

"డాక్టరేమన్నాడు?" అన్నాడు ఆయన.

"ఎక్కుతాను గురువుగారూ," అన్నాడు మినెయుకి ముందే. "కొంచెం బెణికింది, అంతే. నేను ఎక్కే తీరతాను."

ఆయన పుల్లలు ఇసొనామి వైపు చూపించాడు. "చూశావా? నీ జబ్బు వీడికీ అంటించావు."

"అంటుకుంటుందని తెలిస్తే విడిగా తినేవాణ్ణి గురువుగారూ," అన్నాడు ఇసొనామి గరిటె తిప్పుతూ. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

ఆ నవ్వు ఆగకముందే హిసానో వచ్చి చాప అంచున, కుర్రాళ్ళ వరసలో ఆఖరున కూర్చుంది. ఏప్రన్ జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పి ఆయన ముందు పెట్టింది. "ఏమండీ, ఆ రోజు ఇసొనామి తనంతట తాను ఎక్కలేదు," అంది. "మోకాలు తగ్గలేదని చెప్పడానికే నా దగ్గరికి వచ్చాడు. చెప్పనివ్వకుండా వాళ్ళమ్మ బయల్దేరిందని నేనన్నాను. తెలిసే అన్నాను. మన పతాకం తిరగాలని, పక్కవాళ్ళు చూడాలని. మీరు ఫోన్ చేస్తే ఎక్కుతానంటున్నాడు అని చెప్పాను. మొండివాడు అన్నారు మీరు. నేను ఊరుకున్నాను. ఇప్పటిదాకా."

కుండ ఉడుకుతూనే ఉంది. ఎవరూ దాన్ని తగ్గించలేదు.

"నిజమేనా?" ఆయన ఆమెని అడగలేదు, ఇసొనామిని అడిగాడు.

"చారు పొంగిపోతోంది గురువుగారూ."

"అడిగింది చెప్పు."

"అమ్మగారు ఎక్కమనలేదు. అమ్మ రైలెక్కిందని చెప్పారు, అంతే."

"మరి నాలుగేళ్ళు నోరెందుకు మూసుకున్నావురా?"

ఇసొనామి గరిటె కుండ మీద అడ్డంగా పెట్టాడు. "మీరెప్పుడూ అడగలేదు," అన్నాడు. గొంతులో నిష్ఠూరం లేదు. అడిగినదానికి జవాబు చెప్పడమే. ఆయన తల దించుకున్నాడు. అంత పెద్ద తల, పాతికేళ్ళుగా ఎవరి ముందూ దించనిది. ఇసొనామి తన వైపు చూస్తాడేమోనని హిసానో ఎదురు చూసింది. కోపంగానైనా సరే. అతను చూడలేదు.

"టోర్నమెంటు అవగానే మీ ఊరు వెళ్తాను. మీ అమ్మగారితో కూడా చెబుతాను," అంది.

అప్పుడు చూశాడు. "వద్దండీ." ఆ ఇంట్లో అతను ఒకరికి వద్దు అని చెప్పడం అదే మొదటిసారి. "ఆవిడ ఆ రోజు గురించే అందరికీ చెప్పుకుంటూ బతుకుతోంది. అది పాడుచేయకండి అమ్మగారూ. చెప్పేస్తే మీకు తేలికవుతుందేమో. ఆవిడకి ఏం మిగులుతుంది?"

ఈసారి ఆమె మాట మార్చలేదు. డిసెంబరులో పెట్టె వస్తుంది, కాగితం వస్తుంది, దానికి ఎప్పటిలాగే కృతజ్ఞతలు రాయాలి, ఆవిడ ఉన్నన్నాళ్ళూ. మినెయుకి కుర్చీలో కదిలాడు. అతని కళ్ళు ఇసొనామి ఎడమకాలి మీద ఉన్నాయి, మొదటిసారి చూస్తున్నట్టు. అందరూ పెద్దాయన వైపు చూశారు, ఇలాంటి మాట చెప్పాల్సింది ఆయనే కనుక. ఆయన సర్టిఫికెట్టు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"సరే. ఆవిడకి చెప్పను," అంది హిసానో. తర్వాత వరస చివరిదాకా వినపడేట్టు, "రేపు మినెయుకి బరి ఎక్కడు. ఈయన భోజనం కాగానే సంఘానికి ఫోన్ చేస్తారు. వాళ్ళ ఊరి బస్సు తొమ్మిదింటికి వస్తుంది, పతాకం తిరగదని వాళ్ళతో నేను చెబుతాను. నేనే వెళ్తాను, ఒక్కదాన్నే," అంది.